పేరునీయని ఔదార్యము

మధ్య ఐరోపాయందలి చెక్ రిపబ్లికును గూర్చి యాత్రికులు వ్రాయు వ్రాతలలో ఒక స్తోత్రము తరచుగ వినవచ్చుచున్నది. అచ్చటి జనులు మతమౌఢ్యము నెఱుగరనియు, ఒకరి పడకగది తలుపు నింకొకరు తట్టరనియు, పురుషుని ప్రేమించు పురుషుడును, స్త్రీని ప్రేమించు స్త్రీయు, పుట్టుకనాడు తమకు వ్రాయబడిన లింగము తమది కాదనువారును అచ్చట నిశ్చింతగ బ్రదుకుదురనియు ఆ స్తోత్రసారము. ఇది పూర్తిగ నబద్ధమని మేమనము. 1992 సంవత్సరాంతము వరకు దానితో నేకరాజ్యముగ నుండిన స్లొవేకియా, వివాహమనగా స్త్రీపురుషుల బంధమేయని 2014లో తన రాజ్యాంగమున వ్రాసికొనెను. స్త్రీ, పురుషుడు అను రెండు లింగములనే తాను గుర్తింతునని 2025లో మరల దానిని సవరించుకొనెను. ప్రాగ్ నగరపు పార్లమెంటు అట్టి సవరణను చేయలేదు. అంతవరకు సంతోషమే. కాని యోర్చుకొనుట వేరు, సమానునిగ నెంచుట వేరు. "మీ యింటిలో మీరేమి చేసికొన్న మాకేమి?" అనువాని నోట దానివెంటనే "వీథిలో మాత్రము మాకు కనబడకుడు" అను మాటయు వెడలుచుండును. ఈ రెండవ మాటను గూర్చియే నేడు మేము వ్రాయదలచితిమి.

స్త్రీపురుషుల జంటయే ప్రకృతి, తక్కినది వికృతి, లేదా మిక్కిలి దయతలచినచో మినహాయింపు అనునది ఏ గ్రంథమునను శాసనరూపమున నుండనక్కరలేదు. అలిఖితశాసనములకే బలమెక్కువ. అది భాషలో నుండును, కచేరి కాగితములలో నుండును, సోమవారము ఉదయమున పనిచోట తోడి యుద్యోగి యడుగు కుశలప్రశ్నలో నుండును. మన తెలుగువారికి ఈ చిక్కు వెంటనే బోధపడదు. "నేను పోయితిని" అని మనము చెప్పునపుడు పలికినది పురుషుడో స్త్రీయో క్రియను బట్టి తెలియదు. చెక్ భాషలో నట్లు కాదు. "నేనుంటిని" అనుటకు పురుషుడు "బిల్" అనియు, స్త్రీ "బిలా" అనియు క్రియాపదమును మార్చి పలుకవలెను. గడచినదానిని గూర్చి నోరు తెఱచిన ప్రతిమారును తన లింగమును తానే చాటుకొనవలెను. ప్రియుడు, ప్రియురాలు అను మాటలకు వేర్వేరు రూపములు. కావున ఆదివారము నెవరితో గడపితివని యడిగినపుడు సత్యము చెప్పుటయో, బొంకుటయో, మాట మార్చుటయో తప్ప నాలుగవ దారి లేదు. ఇక "మేముంటిమి" అనుట మఱియు విచిత్రము. ఇరువురు స్త్రీలైన నొక అక్షరముతోను, వారిలో నొక్క పురుషుడున్నను వేఱొక యక్షరముతోను వ్రాయవలెను. ఉచ్చారణలో మాత్రము భేదము లేదు. అనగా, తన సహచరితో గడపిన సెలవుదినములను గూర్చి యొక స్త్రీ నోటితో చెప్పునంతసేపు రహస్యము నిలుచును. లేఖ వ్రాసినచో నొక్క యక్షరము దానిని బయటపెట్టును. చెక్ బాలబాలికలు బడిలో ఉపాధ్యాయుని మందలింపులకు వెఱచి వల్లించు వ్యాకరణసూత్రమే యిచ్చట గూఢచారి పని చేయుచున్నది.

భాషనుండి కచేరికి పోవుదము. చెక్ పౌరుడు పుట్టగానే వానికొక జన్మసంఖ్య నిచ్చెదరు. అందు పుట్టిన సంవత్సరము, నెల, దినము నుండును. ఆడుశిశువైనచో నెల యంకెకు 50 చేర్చెదరు. మే నెలలో పుట్టిన బాలునికి 05, బాలికకు 55. ఈ సంఖ్య వైద్యశాలలోను, బ్యాంకులోను, ఉద్యోగపు పత్రములలోను జీవితాంతము వెంటనంటి యుండును. గడ్డము పెంచుకొని, పురుషుని కంఠముతో మాటలాడు నొకడు పత్రమును కిటికీలోనుండి అందించునపుడు ఆ యేబది వాని వెనుక నిలిచి గుమాస్తాకు కనుసైగ చేయును. ఇట్టి యవమానము రోజుకొకటి చొప్పున నెన్నియేండ్లు సహింపవలెనో మన పాఠకులు తామే యూహింతురు గాక.

ఇదంతయు పడమటిదేశముల నుండి దిగుమతియైన క్రొత్తరోగమనియు, బ్రస్సెల్సు నగరపు టుద్యోగుల ప్రేరణమనియు, స్వజాతిధర్మమునకు విరుద్ధమనియు వాదించువారు చెక్ దేశమున తక్కువ లేరు. జాతిపేరు చెప్పి వాదించువారికి జాతిచరిత్రతోనే ప్రత్యుత్తర మిచ్చుట న్యాయము. ఇచ్చట దిగుమతియైన వస్తువేది? 1852 నాటి ఆస్ట్రియా శిక్షాస్మృతి 129వ సెక్షను! స్వలింగానురాగమునకు స్త్రీలకును పురుషులకును గూడ కఠినకారాగారమును విధించిన ఆ సెక్షను వియన్నాలో పుట్టినది. 1918లో హాప్స్‌బర్గు సింహాసనమును కూలద్రోసి, సత్యము జయించునను వాక్యమును అధ్యక్షుని పతాకముపై వ్రాసికొన్న స్వతంత్ర చెకోస్లొవేకియా, చక్రవర్తి బొమ్మను గోడలనుండి దింపెను గాని చక్రవర్తి శిక్షాస్మృతిని మాత్రము అలమారలో భద్రపరచుకొనెను. మన దేశమునను 1860 నాటి ఆంగ్లేయుల శిక్షాస్మృతిలోని 377వ సెక్షను 2018లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడువరకు జీవించియే యుండెను గదా. ప్రభువులు పోయిన పిదపను ప్రభువుల బెత్తమును స్వదేశధర్మమని పూజించుట వలసరాజ్యముల కలవాటైన విషయమే.

దానికి ప్రతిగ, స్వదేశమున మొలచినదేది? 1931లో ఆ దేశమున "లైంగిక అల్పసంఖ్యాకుల కంఠము" అను నర్థముగల పేరుతో చెక్ భాషలోనే యొక పత్రిక వెలువడెను. మఱుసటి సంవత్సరము బ్రనో నగరమున, లైంగికసంస్కరణమునకై యేర్పడిన ప్రపంచసంఘపు మహాసభ జరిగెను. ఆ సంఘమునకు మూలపురుషులలో నొకడైన డాక్టరు మాగ్నస్ హిర్షుఫెల్డు అంతకు ముందటి యేడు 1931లో మన భారతదేశమునను పర్యటించి పోయినవాడు. 1933లో బెర్లినునందలి ఆయన విద్యాసంస్థను నాజీలు దోచి, గ్రంథములను తగులబెట్టిరి. బ్రనో మహాసభయే ఆ సంఘమునకు కడపటిదయ్యెను. అదే కాలమున ప్రాగ్ నగరమున టోయెన్ అను చిత్రలేఖకులుండిరి. 1902లో ఆడుశిశువుగ పుట్టి, ఇంటిపేరును, దానికి స్త్రీత్వమును తెలుపు తోకను విడిచి, లింగమే తెలియని యీ యొక్క మాటను పేరుగ స్వీకరించి, తన్ను గూర్చి పుంలింగక్రియలతో మాటలాడుకొనిన వ్యక్తి. నేడు ఆ చిత్రములు చెక్ జాతికి గర్వకారణములై విక్రయశాలలలో గొప్ప వెలలు పలుకుచున్నవి. చిత్రము లమూల్యములు, చిత్రకారుని వ్యాకరణము మాత్రము దోషము! ఇట్టి రసికతను మేమెఱుగము.

జ్దెనెక్ కౌబెక్ కథయు నీ సందర్భమున స్మరణీయము. బాలికగ పెరిగి, 1934లో లండను నగరమున జరిగిన మహిళాక్రీడలలో 800 మీటర్ల పరుగునందు ప్రపంచపు రికార్డును స్థాపించిన ఆ క్రీడాకారుడు, 1935లో తాను పురుషుడనని ప్రకటించి, పురుషనామముతో బ్రదికెను. అప్పటికి బ్రస్సెల్సులో ఐరోపాసంఘపు కచేరీలు లేవు. ఆయనకు ప్రేరణమిచ్చిన విదేశీయు డెవడో మాకు తెలుపగలవారున్నచో వందనములు.

రెండవ యుద్ధానంతరము కమ్యూనిస్టులు రాజ్యమునకు వచ్చి, బూర్జువా న్యాయము నంతమొందించితిమని చాటిరి గాని 1950 నాటి వారి క్రొత్త శిక్షాస్మృతిలోనికిని ఆ పాతనేరము నడచివచ్చెను. దానిని తొలగించుటకు దారి తీసినది వీథులలోని యూరేగింపు గాదు. ఒక వైద్యుని నిజాయితీ. డాక్టరు కుర్ట్ ఫ్రాయిండు ప్రాగ్ నగరమున పనిచేసిన శాస్త్రజ్ఞుడు. సుప్రసిద్ధుడగు వియన్నా ఫ్రాయిడు వేరు, ఈయన వేరు. సైన్యమున చేరుట తప్పించుకొనుటకు స్వలింగానురక్తులమని బొంకు యువకులను కనిపెట్టుటకై ఆయన ప్రభుత్వముకొఱ కొక యంత్రపరీక్షను కల్పించెను. 1950వ దశాబ్దమున స్వలింగానురక్తులను మార్చగలమను తలంపుతో వారికి వాంతిని పుట్టించు మందు లిచ్చుచు పురుషుల చిత్రములను చూపు చికిత్సనుగూడ చేసిచూచెను. ఇది చికిత్సయో శిక్షయో పాఠకులే నిర్ణయింతురు గాక. ఐనను ఆయనయం దొక సుగుణముండెను. చికిత్స పొందినవారిని కొన్నియేండ్ల పిదప మరల విచారించి, మార్పు నిలువలేదని కనుగొని, ఆ సత్యమును దాచక బయలుపెట్టెను. మార్పరానిదానికి చెఱసాల యేమి న్యాయమని ప్రభుత్వమునే యడిగెను. 1961 నాటి శిక్షాస్మృతి వయోజనుల మధ్యనుండు సంబంధమును నేరముల పట్టికనుండి తొలగించెను. ఆంగ్లదేశము ఈ పని చేయుటకు 1967 వరకు పట్టెను. 1968లో రష్యనుల ట్యాంకులు ప్రాగ్ వీథులలోనికి వచ్చిన పిదప ఫ్రాయిండు దేశమును విడిచి కెనడాకు పోయెను.

ఆ 1961 చట్టమునను తోక మిగిలెను. స్త్రీపురుషులకు 15 ఏండ్లకే వచ్చు సమ్మతివయస్సు వీరికి 18 ఏండ్లు. ఇది 1990లో గాని సమము కాలేదు. చెక్ ప్రభుత్వము వీరి కేదియైన నిచ్చినపుడు కొంచెము మిగుల్చుకొని యిచ్చుట పరిపాటి. 2006 నాటి నమోదిత సహజీవన చట్టమును చూడుడు. అధ్యక్షుడు వాత్స్లావ్ క్లౌస్ దానిని నిరాకరించి త్రిప్పిపంపగా, ప్రతినిధిసభ 200 మందిలో 101 మంది వోట్లతో మరల నెగ్గించెను. ఒక్క వోటు తగ్గినచో చట్టము లేదు! ఇట్లు ప్రాణము దక్కిన శిశువునకు అవయవములు తక్కువ. జంటకు ఉమ్మడి యాస్తి లేదు. ఒకరు చనిపోయిన రెండవవారికి వైధవ్యపు పింఛను లేదు. నమోదుకై దేశమంతటను 14 కచేరీలు మాత్రమే. అన్నింటికంటె వింత యేమనగా, ఒంటరిగ నున్న స్వలింగానురక్తుడు చట్టప్రకారము శిశువును దత్తు తీసికొనవచ్చును. వాడే సహచరునితో తన బంధమును ప్రభుత్వపు పుస్తకమున వ్రాయించుకొన్నచో ఆ హక్కు పోవును. ఏకాకిచేతిలో శిశువు క్షేమముగ నుండును, ఆదరించు రెండవమనిషి యింట నున్నచో చెడిపోవునట! ఈ తర్కము పదియేండ్లు చట్టమై నిలిచెను. 2016 జూను 14న రాజ్యాంగ న్యాయస్థానము ఇది మానవగౌరవమునకు భంగకరమని కొట్టివేసెను.

లింగము మార్చుకొనువారి విషయమున ప్రభుత్వము మఱియు క్రూరముగ వర్తించెను. జన్మసంఖ్యను మార్చుకొనదలచినవాడు శస్త్రచికిత్సకు లోనై, సంతానోత్పత్తిశక్తిని పోగొట్టుకొనవలెనని శాసించిరి. 2014లో అమలునకు వచ్చిన పౌరస్మృతి 29వ సెక్షను మఱియొక షరతును చేర్చెను. లింగము మారగానే వివాహమును రద్దగును, నమోదిత సహజీవనమును రద్దగును. దీని మర్మమును గ్రహించితిరా? భర్త స్త్రీయైనచో దంపతులిరువురును స్త్రీలగుదురు గావున వివాహము చెల్లదు. ఇరువురు స్త్రీల జంటలో నొకరు పురుషుడైనచో సహజీవనము చెల్లదు. ఆ యిరువురు మనుష్యులకు పరస్పరము ప్రేమ తఱిగెనా, విడిపోవలెనను కోరిక కలదా యని యడిగినవారు లేరు. పట్టికలో గడి మారినది, కావున కాపురము పోయినది!

మఱియొక సంగతి. 1966 మొదలు 2012 వరకు అక్రమముగ గొడ్రాండ్రను చేయబడిన స్త్రీలకు, వీరిలో పెక్కుమంది రోమాజాతివారు, ఒక్కొక్కరికి 300,000 క్రౌనుల పరిహారమిచ్చుటకు చెక్ పార్లమెంటు 2021లో చట్టము చేసెను. మంచిపని. కాని ఆ చట్టము వ్రాయుచున్న దినములలోనే, వేఱొక వర్గపు పౌరులను సంతానహీనులను చేయనిదే వారి కాగితములను దిద్దమను చట్టము అదే రాజ్యమున చెల్లుచుండెను. ఒక చేత పశ్చాత్తాపము, రెండవ చేత కత్తి. ఐరోపా సాంఘికహక్కుల సమితి 2018లోనే ఇది తప్పని తీర్మానించెను. రాజ్యాంగ న్యాయస్థానము మొదట నొకమారు వాదిని రిక్తహస్తములతో పంపి, తుదకు 2024 మే 7న ఆ షరతును కొట్టివేసెను. దానికిని 2025 జూను 30 వరకు గడువు నొసగెను. పౌరుని శరీరముపై చేయబడు అన్యాయమునకు గూడ ఇంత దీర్ఘమైన వీడ్కోలు సత్కారము కావలసివచ్చెను.

ఇక నేటి ముఖ్యప్రశ్నకు వచ్చుచున్నాము. వివాహపుహక్కును అందఱకు సమముగ నీయవలెనను బిల్లు 2018లో పార్లమెంటున ప్రవేశపెట్టబడెను. ఏండ్లకొలది చర్చల పిదప, క్రొత్తబిల్లుపై 2024 ఫిబ్రవరి 28న ప్రతినిధిసభ యొక రాజీని చేసికొనెను. దాని ప్రకారము 2025 జనవరి 1 నుండి స్వలింగజంటలకు "భాగస్వామ్యము" కలదు. ఉమ్మడి యాస్తి వచ్చినది, పింఛను వచ్చినది. ఒకరి బిడ్డను రెండవవారు దత్తు తీసికొనవచ్చును. ఇంత యిచ్చి రెండింటిని బిగబట్టిరి. వివాహమను పేరు వారికి లేదు. ఇరువురును కలిసి పరులబిడ్డను దత్తు తీసికొనుట లేదు. "హక్కులన్నియు నిచ్చితిమి గదా, పేరుకై యింత పట్టుదలయేల?" అని యిపుడు పెద్దమనుష్యులు వారి నడుగుచున్నారు.

ఈ ప్రశ్న చెక్ జాతివారి నోట వినవచ్చుటయే మాకు మిక్కిలి యాశ్చర్యము. ఒకనాడు వియన్నా ప్రభువులు వారినట్లే యడుగలేదా? 1880 నాటి భాషాశాసనము బొహీమియా, మొరేవియాలలో చెక్ భాషకు కచేరీలలో ప్రవేశము నిచ్చెను. ప్రజలు చెక్ భాషలో నర్జీ పెట్టుకొనవచ్చును, ప్రత్యుత్తరమును ఆ భాషలోనే పొందవచ్చును. కాని కచేరి లోపల నుద్యోగులు తమలోతాము నడపుకొను వ్యవహార మంతయు జర్మనులోనే. వెలుపలి భాష యొకటి, లోపలి భాష యొకటి. పని జరుగుచున్నది గదా, అర్జీకి జవాబు వచ్చుచున్నది గదా, లోపల నే భాషయైన నేమని చెక్ జాతి యూరకుండెనా? ఉండలేదు. 1897లో బదేనీ ప్రధాని లోపలి వ్యవహారమునకుగూడ చెక్ భాషను సమము చేయబూనగా జర్మనులు దొమ్మీలు చేసిరి, ప్రధాని పదవిని గోల్పోయెను, 1899లో ఆ శాసనము ఉపసంహరింపబడెను. ఐనను చెక్ జాతి తన కోరికను విడువలేదు. పనివాండ్ర భాష, వంటయింటి భాష యని యెగతాళి చేయబడిన తమ పలుకునకు కచేరిగదిలో జర్మనుతో సమానమైన పీట కావలెనని వారు కోరిరి. ఆ కోరిక న్యాయమైనదే. ఆ తాతల మనుమలే నేడు తమ పౌరులకు వెలుపలి గదిలో పీట వేసి, లోపలి గది తాళపుచెవిని మొలకు కట్టుకొని తిరుగుచున్నారు.

పేరునం దేమున్నదని యందురు. పేరునం దేమియు లేనిచో దాని నిచ్చుటకు వెనుదీయుటయేల? విలువలేనిదానిని ఎవడును ఇంత జాగ్రత్తగ దాచుకొనడు.

కుటుంబము చెడునని భయపడువారికి రెండుమాటలు. చెక్ దేశమున నేడు పుట్టు శిశువులలో సగమునకు దగ్గఱగ వివాహము వెలుపల పుట్టుచున్నారు. స్త్రీపురుషులే వివాహమను నింటిని విడిచిపోవుచుండగా, ఆ ఇంట కాపురముండెదమని ద్వారమున నిలిచి యడుగువారిని తఱుముట కుటుంబరక్షణ యెట్లగును? పిల్లల క్షేమమను వాదమును అట్టిదే. వేలకొలది పిల్లలను తలిదండ్రులులేని యాశ్రమములలో పెంచుచున్నదని ఆ దేశము చిరకాలము నిందలు పడినది. మూడేండ్లలోపు శిశువులను అట్టిచోట్ల నుంచరాదను నిబంధన 2025లో గాని అమలునకు రాలేదు. జీతమునకు వంతులవారిగ వచ్చిపోవు దాదులచేతిలో పెరుగుటకంటె ఇరువురు తల్లులచేతనో ఇరువురు తండ్రులచేతనో పెరుగుట శిశువున కెక్కువ హానియని నమ్మువారు ఆ మాటను ఒక్క యనాథశిశువు ముందైన నిలిచి చెప్పగలరా?

మర్యాదస్థుల మాటలే వీథిలోని రౌడీకి ధైర్యమిచ్చును. 2008లో బ్రనో నగరమున జరిగిన మొదటి యూరేగింపుపై దుండగులు బాష్పవాయువును విసరిరి. 2011లో ప్రాగ్ నగరమున మొదటి ఉత్సవము జరుగబోవునపుడు అధ్యక్షుని కచేరియందలి యున్నతాధికారి వారిని దారితప్పినవారని నిందించెను. అధ్యక్షుడు క్లౌస్ దానిని ఖండించుటకు మారుగ ఆ మాటలో నింద లేదని సమర్థించెను. 1932లో పండితుల మహాసభకు తావిచ్చిన బ్రనో పురము డెబ్బదియాఱేండ్ల పిదప తన పౌరులకు వీథిలో నడచుటకు దారి నీయజాలకపోయెను. నేడు ఆ యూరేగింపులకు వేలకొలది జనులు కుటుంబములతో వచ్చుచున్నారు. ప్రజలలో పెక్కుమంది మనసు శాసనకర్తల మనసుకంటె ముందు నడచుచున్నది. కనుకనే ఈ రాజీ మాకు పిఱికితనముగ తోచుచున్నది. ప్రజ లొప్పనిచో నాయకులకు సాహసము కావలెను. ప్రజ లొప్పినపుడు సంతకము చాలును.

చెక్ పౌరస్మృతి 655వ సెక్షనులో వివాహమనగా పురుషునికిని స్త్రీకిని నడుమ శాశ్వతబంధమని వ్రాయబడియున్నది. కుటుంబస్థాపనము, పిల్లల పెంపకము, పరస్పరసహాయము దాని ప్రయోజనములని ఆ సెక్షనే చెప్పుచున్నది. ఈ మూడు ప్రయోజనములలో ఇరువురు పురుషులకుగాని ఇరువురు స్త్రీలకుగాని సాధ్యముకానిది యేదియు లేదు. 2024 నాటి చట్టముతో అంతవరకు లేని యుమ్మడి బాధ్యతలను వారి తలపై పెట్టి, ఆ బాధ్యతల పేరును మాత్రము నిరాకరించిరి. "పురుషునికిని స్త్రీకిని" అను రెండు మాటలను కొట్టివేసి "ఇరువురు వ్యక్తులకు" అని వ్రాయుట కొక్క కలపుపోటు చాలును. ఆ కలము ప్రాగ్ పార్లమెంటు బల్లపైననే యున్నది.